పదో నంబరు సూది

లెన్సుకి బూజు పట్టింది.
మొన్నటి తుఫానుకి షట్టరు కిందనుంచి దూరిన నీళ్లు
మూడు రోజులు బీరువా అడుగున కూచుని
అద్దాల మధ్య తెల్లటి వేళ్లు తన్నాయి.
విశాఖ పట్టుకెళ్తే, బాగుచేసేవాడు
ధర చెప్పి, తనే జాలిపడి,
"కొత్తది కొనుక్కోండి మాస్టారూ" అన్నాడు.
కొనుక్కునేవాణ్ణే అయితే
ఏడురోడ్ల జంక్షన్‌లో అద్దె కట్టలేక
స్టూడియోని సందులోకి మారుస్తానా?

కెమెరా మాత్రం బతికే ఉంది.
మీట నొక్కితే లోపలి చిన్న తలుపు
ఇంకా టక్కుమంటోంది,
ఎవరో వచ్చారనుకుని.

దాని మూతికి పెట్టే నల్ల ప్లాస్టిక్ మూత పట్టుకుని
తవిటయ్య సైకిల్ షాపుకెళ్లాను.
"నట్టనడుమ కన్నం పెట్టు. బఠాణీ అంత చాలు."
మూతనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.
"కన్ను పీకీసి కన్నం పెడతావేటి గురూ,
ఇదేటి వైద్దిగం?"
డబ్బు తీసుకోలేదు.
"పంచరేస్తే తీసుకుంతాను గానీ
పంచరెట్టినందుకేటి తీసుకుంతాను!"

ఇక అసలు కన్నం.
కూల్‌డ్రింక్ డబ్బా కోసి, వేలిగోరంత రేకు.
రేకు కింద పాత పోస్టుకార్డు.
పైన, మా ఆవిడ జాకెట్లకి హుక్కులు కుట్టే
పదో నంబరు సూది.
గుచ్చకూడదు. తిప్పాలి.
అవతలివైపు చీమతల లేచేదాకా తిప్పి,
లేచినదాన్ని గరుకు కాగితంతో రుద్ది,
మళ్లీ తిప్పి, మళ్లీ రుద్ది.
నాలుగు రేకులు పాడయ్యాయి.
ఐదోదాన్ని దీపానికెత్తితే
ఆవగింజలో పదోవంతు వెలుతురు,
గుండ్రంగా.

వేలుపోసి కొన్న అద్దం చేసే పని
సూది చేస్తుందా?
చేస్తుంది. తొందరపడదు, అంతే.
పెళ్లిలో సెకనుని రెండువందల ముక్కలు కోసి
ఒక్క ముక్కలో తాళిని పట్టేవాణ్ణి.
ఇది పది సెకన్లు, పదిహేను తాగితే గానీ
గోడని గోడని ఒప్పుకోదు.

మొదటి బొమ్మకి పొందూరు వెళ్లాను.
అసిరమ్మ వసారా, తూర్పు కిటికీ.
స్టాండు కాలు విరిగింది కాబట్టి
తవుడు బస్తా మీద కెమెరా.
కదలొద్దమ్మా, అనబోయి ఊరుకున్నాను.
కదలకుండా నూలెలా వస్తుంది?
"నవ్వాలేటి?"
"వద్దు, మీ పని మీరు చేసుకోండి."
"మరెందుకొచ్చినట్టు?" అని రాట్నం తిప్పింది.

పదిహేను సెకన్లు.
నేను మనసులో అంకెలు దాటుతుంటే
మేకపిల్ల అటునుంచి ఇటు దాటింది,
వీధిలో ఆటో రెండుసార్లు హారన్ కొట్టింది,
ఆమె తెగిన పోగు అతికింది.

తెర మీద చూస్తే
మేకపిల్ల లేదు.
రాట్నం పొగ.
చేతులు ఉన్నాయంటే ఉన్నాయి,
కాగే పాల మీద ఆవిరిలా.
మొహం సగమే.
ఉన్నంతలో తేటగా పడ్డది ఒకటే:
చాప మీద ఊరికే పడి ఉన్న వాలుగచేప దవడ.
పొద్దుటంతా పత్తి దువ్వి అలసినది,
పళ్లున్నాయని తెలుస్తోంది.

ఇంకొకటీ పడింది.
గోడనిండా బూడిదరంగు చుక్కలు, వెంట్రుకముక్కలు.
అవి గోడవి కావు.
సూదికన్నంలోంచి వచ్చే వెలుతురుకి
మొహమాటం లేదు.
ఇన్నాళ్లూ లెన్సు కప్పిపుచ్చిన లోపలి దుమ్మంతా
వరసగా నిలబెట్టి చూపిస్తోంది.
పదకొండేళ్ల పెళ్లిళ్లు.
ఏ పందిట్లో లెన్సు మార్చానో,
ఏ అక్షింతల పసుపో, ఏ బాణాసంచా మసో,
టెక్కలిలో ఎవరో మండపం ఊడుస్తున్నప్పుడు
ఆగలేక మూత తీసిన ఆ నిమిషమో.
నేను తీసిన ప్రతి బొమ్మలోనూ
కనబడకుండా నిలబడి ఉన్నాయి.

అసిరమ్మ తెర దగ్గరికి మొహం తెచ్చింది.
తనని వెతుక్కోలేదు.
చుక్కల మీద వేలు పెట్టింది.
"ఎంత బాగా పడ్డాదో సూడు, మా పత్తి నలక!
ఇల్లంతా ఎగురుతుంటాది, కంటికవుపడదు.
ఊపిరికి మటుకు తెలుస్తాది."

దగ్గింది.

దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి జేబులోనే ఉంది.
తియ్యలేదు.
ఇంకొక్కటి తీస్తానమ్మా, అన్నాను.